నీరు నిలవకూడదు

షట్టరు పిడి వెనక్కి తన్నింది.
ముప్ఫై ఏళ్ళుగా నేను తిప్పుతున్న పిడి
ఆ వేళ ఒక్కసారి నన్ను తిప్పింది.
ఎడమ మణికట్టు దగ్గర చప్పుడు,
ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు.
నాకంటే ముందు గట్టు మీద మేక విని తలెత్తింది.

అమలాపురంలో ఎముకల డాక్టరమ్మ
తెల్ల పిండికట్టు వెయ్యలేదు.
ఆకుపచ్చది, తేలికది, లోపల ఏదో కొత్తరకం పొర.
"తడిసినా పరవాలేదండి, స్నానం చెయ్యొచ్చు.
పైన పోసిన నీళ్ళు వేళ్ళ దగ్గర దిగిపోతాయి.
ఇసక మాత్రం వద్దు, బురద వద్దు.
పోసిన నీరు పోవాలి, నిలవకూడదు."

ఆయ్, అన్నాను.
లాకు లస్కరుకి చెప్పవలసిన మాటా ఇది?
మా శివారు రైతులు ఏళ్ళ తరబడి
డ్రైన్ల ఇంజినీర్ల దగ్గర మొత్తుకునేదీ ఇదేగా.

బస్సెక్కాక గానీ తట్టలేదు:
బురద లేని నీళ్ళట!
ఎర్రనీరొచ్చిన రోజుల్లో మా కాలవలో చెయ్యి ముంచితే
గోరింటాకు కడిగిన గిన్నెలో ముంచినట్టే.
బోరు కొడితే రొయ్యల చెరువుల ఉప్పు.
కుళాయి వస్తే వస్తుంది.
మూడూళ్ళకి నీళ్ళొదిలే మనిషిని
ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుని
చేతికి పోసుకుంటున్నాను.
టిన్నుల బండి ఏసుపాదం ఊరుకుంటాడా?
"చేతిక్కూడా మినరల్ వాటరేనా బాబాయ్!"

దురద సంగతి డాక్టరమ్మ తక్కువ చెప్పింది.
రాత్రి పదకొండుకి మొదలవుతుంది,
లోపలెక్కడో ఒక చీమ
దారి తెలియక తిరుగుతున్నట్టు.
చీపురుపుల్ల తీశాను.
భూలక్ష్మి లాక్కుని పొయ్యిలో పడేసింది.
"పుల్ల పెడితే పుండు, పుండైతే కంపు,
కంపైతే మళ్ళీ అమలాపురం బస్సు."
పౌడరు డబ్బా కూడా దాచేసింది.
కట్టు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి
మోచేతి దగ్గర చల్లనీళ్ళు సన్నగా వంచింది.
కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది నాకు
నీళ్ళు ఎటు పోతున్నాయో:
ఇక్కడ మలుపు, ఇక్కడ మెరక,
ఇదిగో, ఇక్కడ కాస్త ఆగి
వేళ్ళ సందుల్లోంచి
నాలుగు పిల్లకాలవలై పడ్డాయి.

పదిహేడో రోజు వంతు మారింది.
అర్ధరాత్రి టార్చిలైటుతో నూకరాజు,
శివారు నుంచి సైకిలు తొక్కుకుంటూ.
"నారుమడి నెర్రెలిచ్చింది లస్కరు గారూ,
మీ కొత్త కుర్రాడికి పిడి లొంగట్లేదు."

వెళ్ళకూడదు. వెళ్ళాను.
కుడిచెయ్యి నాది, రెండు చేతులు భూలక్ష్మివి.
షట్టరు అరడుగు లేచింది.
లేచిందన్న సంబరంలో గట్టు జారింది,
ఒండ్రులో కూలబడ్డాను
మోచేతి దాకా.

ఇంటికొచ్చాక రెండు టిన్నులు.
మొదటి చెంబు కాలవ రంగు,
తరవాత టీ రంగు,
తరవాత బియ్యం కడుగు.
ఆఖరి చెంబు నీళ్ళు దోసిట్లో పట్టి
దీపం దగ్గర చూసింది, ఇసక రేణువుందేమోనని.
ఒక్క మాట అనలేదు.
ఇరవై ఏడేళ్ళ కాపరంలో
అంత గట్టిగా ఎప్పుడూ తిట్టలేదు నన్ను.

చెయ్యి కిందికి వేలాడేసి కూచోబెట్టింది.
వేళ్ళు ఆడించమంది.
గోరు నొక్కి వదిలి
మళ్ళీ ఎరుపు వచ్చేదాకా చూసింది, అయిదుసార్లు.
చుక్క.
చాలాసేపటికి ఇంకో చుక్క.
శివారు వైపు కప్పలు మొదలెట్టాయి,
చేరినట్టున్నాయి నీళ్ళు.
ఇద్దరం వింటున్నాం,
ఆవిడ చుక్కల్ని, నేను కప్పల్ని.

పొద్దున్న రిజిస్టరు తెరిచాను.
ఎగువ మట్టం నాలుగడుగుల రెండంగుళాలు.
దిగువ మూడడుగుల తొమ్మిది.
ఆ కింద ఖాళీ ఉంది.
ఏ ఇంజినీరు ఏమంటాడో అనండి,
రాసేశాను:
ఎడమ చెయ్యి, పొడి.